గోనెలో వీపుసంచి, సంచిలో యంత్రం

బయలుదేరిన ఉదయం రాజోలు పక్కన మా ఊళ్ళో, మా అరుగు మీద ఉన్న మనుషులు: బాబాయి, పిన్ని, నేను, పక్కింటి సుబ్బలక్ష్మి గారు. వస్తువులు: అరవై లీటర్ల నీలం బ్యాక్‌ప్యాక్, అందులో పట్టవలసిన పట్టుబట్టలు, దర్భల కట్ట, రాగి చెంబులు, కర్పూరం పొట్లం, అటుకుల డబ్బా, నా కెమెరా, మూడు రకాల తాళ్ళు. వీటికి కాస్త ఎడంగా, పీట మీద, పసుపు బట్టలో చుట్టి పెట్టినది, విగ్రహం కింద ఉంచడానికి రాగిరేకు మీద చెక్కిన ఆంజనేయ యంత్రం. జానెడు పొడవు, జానెడు వెడల్పు.

ప్రయాణమంతా ఆ రేకు కోసమే. అండమాన్ దీవుల్లో, పోర్ట్‌బ్లెయిర్ శివార్లలో తెలుగువాళ్ళ కాలనీ ఒకటి ఉంది. చేపల వేటకీ కట్టుబడి పనులకీ వెళ్ళి అక్కడే ఉండిపోయినవాళ్ళు. చందాలు వేసుకుని ఆంజనేయస్వామికి చిన్న గుడి కట్టుకున్నారు. ప్రతిష్ఠకి కోనసీమ వేదపండితుడే రావాలని పట్టుబట్టారు. కమిటీ పెద్ద సొంతూరు కాట్రేనికోన కావడమే కారణం. వాళ్ళు అడిగిన మొదటి ముగ్గురూ రాలేమన్నారు. వైదికుడు సముద్రం దాటకూడదని ఒక నియమం, అది దాటితే ఊళ్ళో పిలుపులు ఆగిపోతాయని ఒక భయం. నాలుగోసారి మా బాబాయిని అడిగారు.

బాబాయికి అరవై ఏళ్ళు. ఊళ్ళో అవధానులు గారంటారు. వందకు పైగా ప్రతిష్ఠలకి వెళ్ళారు, ప్రతిసారీ రెండో పీట మీదే కూర్చున్నారు. మొదటి పీట ప్రధానాచార్యుడిది. ఆయన మరిచిపోయిన మంత్రం అందించడం రెండో పీట పని. మొదటి పీట మీద కూర్చోమని ఆయన్ని ఎవరైనా అడగడం ఇదే మొదలు.

"విమానంలో వెళ్ళేవాడు సముద్రం దాటడం ఏవిటే? పక్షి దాటుతుందా? పైనుంచి పోతుంది," అన్నారు పిన్నితో.

"మరి దిగేది అవతలొడ్డునేగా?" అంది పిన్ని.

"దిగితే అది భూమేగా!"

సుబ్బలక్ష్మి గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. పిన్ని నవ్వలేదు.

నా ఉద్యోగం నగరం అనే పల్లె దగ్గర గ్యాసు పైపులైను పనుల్లో. ప్రెషర్ గేజీలు పాడవకుండా పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించడం అందులో ఒక భాగం. అందుకని సామాను బాధ్యత నాకు అప్పగించారు. బాబాయి రేకుపెట్టె తుప్పు పట్టింది, కీలు ఊడింది. నా బ్యాక్‌ప్యాక్ కాలేజీ రోజుల్లో సికింద్రాబాదులో కొన్నది, గుడ్డ గట్టిది. యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్తానన్నారు బాబాయి. అమలాపురంలో టిక్కెట్లు తీసిన ఏజెంటు వద్దన్నాడు. అంచు పదునుగా ఉన్న లోహం చేతిసంచిలో కనిపిస్తే లాగేసుకుని డబ్బాలో పడేస్తారట. కాబట్టి యంత్రం లగేజీలో వెళ్ళాలి. 2003 మాఘమాసం అది. విమానాశ్రయాల్లో తనిఖీలు బాగా బిగిసిన రోజులు.

అంబాజీపేట

గోదావరి పాయ మీది గన్నవరం అక్విడెక్టు దాటి అంబాజీపేటలో దిగాం. పూర్ణాహుతికి కురిడీలు కావాలి. తెలియనివారి కోసం చెప్తున్నాను: బాగా ముదిరిన కాయని నెలల తరబడి అటక మీద వదిలేస్తే లోపలి నీరు ఇంకి, కొబ్బరి, చిప్పని వదిలి గుండులా విడిపోతుంది. ఊపితే గడగడమంటుంది. చిప్ప పగలగొట్టి ఆ గుండుని చెక్కుచెదరకుండా తీస్తే అదే కురిడీ. హోమం చివర పట్టుగుడ్డలో చుట్టి, నెయ్యి పోసి, అగ్నిలో వేసేది దాన్నే.

కొబ్బరి వర్తకుడు సూర్రావు గారు బాబాయిని చూసి లేచి నిలబడ్డారు.

"ఆయ్, రండి అవధాన్లు గారండీ. విమానం ఎక్కుతున్నారట కదండి. ఊరంతా అదే మాటండి."

"ఊరంతానా?"

"ఆయ్. కొందరు మంచిగానే అంటన్నారండి."

మిగతావాళ్ళు ఏమంటున్నారో బాబాయి అడగలేదు. అయిదు కురిడీలు ఏరారు. డబ్బు ఇవ్వబోతే సూర్రావు గారు చెవులు మూసుకున్నారు.

ఒక కురిడీ చేతిలోకి తీసుకున్నాను. చాలా తేలిక. నొక్కితే గట్టిగా ఉంది, నేల మీద వేస్తే పగలకుండా చిన్నగా గెంతింది. గేజీల పెట్టెల్లో మేం రబ్బరు దిమ్మలు పెట్టేది ఇందుకే. కొబ్బరి కొట్టు నేల మీదే సంచి విప్పాను. యంత్రాన్ని పట్టుబట్టల మధ్య నిలువుగా నిలబెట్టి, నాలుగు మూలలా నాలుగు కురిడీలు బిగించాను. అయిదోది పైన. సంచి ఎటు పడినా దెబ్బ కురిడీకి తగులుతుంది, రేకుకి చేరదు.

"బాగుందండి ఇంజనీరు గారూ! కొబ్బరి తినడానికే అనుకున్నాం ఇన్నాళ్ళూ," అన్నారు సూర్రావు గారు.

బ్యాక్‌ప్యాక్‌కి లోపలికన్నా బయటే ప్రమాదం ఎక్కువ. దాని భుజాల పట్టీలు, నడుం పట్టీ, వేలాడే దారాలు అన్నీ విమానాశ్రయంలో నడిచే బెల్టు రోలర్ల మధ్య ఇరుక్కుంటాయి. మోటారు ఆగదు, పట్టీయే ఊడొస్తుంది. నా స్నేహితుడొకడి సంచి అలాగే ముక్కలైంది. అందుకని నడుం పట్టీని వెనక్కి తిప్పి సంచి చుట్టూ బిగించాను. భుజాల పట్టీలు పొట్టి చేసి దాని కిందికి దోపాను. రెండు జిప్పుల కొసలూ కలిపి తీగ చుట్టాను. ఆపైన మొత్తం గోనెలోకి దించాం. మాణిక్యం అనే ఆవిడ దబ్బనంతో, పురికొసతో మూతి కుట్టింది. బస్తా కుట్టినంత వేగంగా కుట్టేసింది.

"విమానంలో కూడా సామాన్లు విసుర్తారా అండి?" అని అడిగింది.

"విసురుతారు."

"అయితే లారీయే కదండి, రెక్కలున్నాయి గానీ."

కొట్టు గోడ మీద ఎర్రక్షరాలతో ‘ఇక్కడ బీడీ, చుట్ట కాల్చరాదు’ అని రాసి ఉంది. పొగ వాసన కొబ్బరికి పట్టేస్తుందని కాబోలు అనుకున్నాను.

కొత్తపేట

కొత్తపేట బస్సులో కండక్టరు గోనె చూసి లగేజీ టిక్కెట్టు కొట్టబోయాడు.

"అది బస్తా కాదండీ, బ్యాక్‌ప్యాక్," అన్నాను.

"లోపల ఏవుంటే నాకేంటండి. పైన బస్తానే కదండి." పది రూపాయలు తీసుకున్నాడు. నేను చేసిన ప్యాకింగుకి అది మొదటి ధ్రువపత్రం.

బాబాయికి వేదం చెప్పిన ఘనాపాఠి గారు కొత్తపేటలో ఉంటారు. ఎనభై దాటాయి. వాలుకుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు. బాబాయి సాష్టాంగపడ్డారు. ఆయన లేవమనకుండా చాలాసేపు చూశారు.

"ఏవిట్రా అవధానీ, లంకకి బయలుదేరేవుట?"

"లంక కాదండి, అండమాన్."

"ఏదైతేనేం. హనుమంతుడైతే దూకేడు. నువ్వు టిక్కెట్టు కొనుక్కున్నావు."

నాకు నవ్వొచ్చింది. బాబాయి మొహం చూసి మింగేశాను.

"అడిగినవాళ్ళు మనవాళ్ళేనండి. దేవుణ్ణి నిలబెట్టుకుంటామంటే రానని ఎలా అనడం?"

"అనమని నేననలేదు. శపించను కూడా. కానీ ఒకటి చెప్తా విను. ఇక్కడ పదిమందీ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తూంటారు. అక్కడ సవ్యంగా జరిగిందా, ఎలాగో సర్ది చెప్పుకోవచ్చు. ఒక్కటి తేడా జరిగిందా, సముద్రం దాటిన దోషం అంటారు. ఇంక నిన్ను శ్రాద్ధానికి భోక్తగా కూడా పిలవరు. ముహూర్తానికి యంత్రం లేకపోయిందో, అంతే సంగతులు. రేకు జాగ్రత్త."

"మా శేషు సర్దేడండి. ఇంజనీరు."

ఆయన గోనె వైపు చూశారు. "ఇంజనీరు సర్దితే ఇలా ఉంటుందిట్రా? నేనింకా కొబ్బరికాయలు తెచ్చేవనుకున్నాను."

మజ్జిగ ఇప్పించారు. కరివేపాకు, దబ్బాకు నలిపి వేసిన మజ్జిగ. అది తాగినంతసేపూ బాబాయి ఒక చెయ్యి గోనె మీదే ఉంచారు. రావులపాలెంలో చక్కెరకేళీ అరటిపళ్ళు ఒక అత్తం, పది పన్నెండు పళ్ళది, ఎనిమిది రూపాయలకి కొన్నాం. రాజమండ్రిలో రైలెక్కి ఆ పళ్ళు, అటుకులు తప్ప ఆయన చెన్నై దాకా ఇంకేమీ ముట్టలేదు. నేను మాత్రం ప్రతి స్టేషన్లోనూ వంగి సీటు కింద గోనె ఉందో లేదో చూసుకున్నాను. ఎదుటి సీటు అరవ కుటుంబం చివరికి పక్కకు జరిగి కూర్చుంది. అందులో ఏదో ఉందని వాళ్ళకి అనుమానం వచ్చినట్టుంది.

చెన్నై

అనుమానం విమానాశ్రయంలో కూడా వచ్చింది. లగేజీ ఎక్స్‌రే యంత్రం దగ్గర బెల్టు ఆగింది. ఒకసారి వెనక్కి నడిపి మళ్ళీ ముందుకు నడిపారు. తెర ముందు కూర్చున్న అధికారిణి నన్ను పిలిచి చూపించారు. చదరంగా ఒక రేకు, దాని నాలుగు మూలలా గుండ్రంగా నాలుగు ఉండలు, పైన ఇంకొకటి. నేనెంతో లెక్కగా అమర్చిన అమరిక. ఆ తెర మీద చూస్తే ఎవరైనా బాంబు అనే అనుకుంటారు.

"విప్పండి," అన్నారు ఆవిడ.

మాణిక్యం కుట్లు కత్తితో తెంపవలసి వచ్చింది. అంత గట్టివి. ఆవిడ ఒక కురిడీని తీసి, వాసన చూసి, పక్కన పెట్టారు. నాగర్‌కోయిల్ వైపు ఆవిడట, వచ్చీరాని తెలుగు మాట్లాడారు.

"ఎండుకొబ్బరి విమానంలో కుదరదు. సంచిలో కుదరదు, చేతిలో కుదరదు."

"ఎందుకండీ? తినే వస్తువే కదా."

"నూనె. వేడెక్కితే దానంతటదే అంటుకుంటుంది. మీ ఊళ్ళో కొబ్బరి గోదాముల్లో ఎవరైనా బీడీ కాలుస్తారా?"

గోడ మీది ఎర్రక్షరాలు గుర్తొచ్చాయి. కర్పూరం పొట్లం కూడా బయటికొచ్చింది. దానికి కారణం చెప్పవలసిన పని కూడా లేదు. వైదికుడి హోమం సంచీ, విమానంవాళ్ళ నిషేధాల పట్టికా పక్కపక్కన పెట్టి చూస్తే సగానికి సగం ఒకటే. ఇంతదూరం వచ్చాక తెలిసింది.

"అమ్మా, ఇవి లేకపోతే పూర్ణాహుతి ఎలా చెయ్యను?" అని అడిగారు బాబాయి.

"స్వామీ, ఇది ఉంటే విమానం ఎలా పంపను?" అన్నారు ఆవిడ. కోపంగా అనలేదు, నిజంగానే అడిగారు. పసుపు మూటలో ఏముందో చెప్పాక, దాన్ని చేత్తో తాకకుండా నన్నే విప్పి చూపించమన్నారు. చూశాక తలూపారు.

అయిదు కురిడీలూ బల్ల కింద డబ్బాలో పడ్డాయి. సంచిలో నాలుగు మూలలూ ఖాళీ అయ్యాయి. ఖాళీ ఉన్నచోట వస్తువు కదులుతుంది, కదిలితే వంగుతుంది. కౌంటరు మూసే వేళైంది, వెనక వరసలో జనం గొణుగుతున్నారు. బాబాయి తన చేతిసంచి విప్పి పంచెలు ఒక్కొక్కటీ ఇస్తున్నారు, నేను మడిచి మూలల్లో కుక్కుతున్నాను. మూడు మూలలు నిండాయి. నాలుగోదానికి బట్ట మిగల్లేదు. భుజం మీది కండువా తీసి ఇచ్చారు. పల్చటిది. అదే కుక్కాను.

గోనె మళ్ళీ కుట్టే వీలు లేదు, అక్కడే వదిలేశాం. పట్టీలు దోపి, తెంపిన పురికొసతోనే అడ్డదిడ్డంగా కట్టాను. కౌంటరు అతను పైనుంచి ప్లాస్టిక్ పట్టీ వేశాడు. మా బ్యాక్‌ప్యాక్ బెల్టు మీద పడి, రబ్బరు తెర వెనక్కి వెళ్ళిపోయింది.

కిటికీ

నా సీటు కిటికీ పక్కన. విమానం కింద సామాను బండి కనిపిస్తోంది. పెట్టెలు ఒక్కొక్కటీ పైకి వెళ్తున్నాయి. నీలం సంచి బండి చివర్లో ఉంది. దాని వంతు రాకముందే ఎవరో చెయ్యి ఊపారు. ఎక్కించడం ఆపేశారు. బండి నాలుగైదు పెట్టెలతో, మా సంచితో, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

సీటు బెల్టు విప్పుకుని లేచాను. ఎయిర్‌హోస్టెస్ కూర్చోమంది. చెప్పాను. "అన్ని సామాన్లూ వస్తాయి సర్," అంది. బండి చూపించాను. అప్పటికది మలుపు తిరిగిపోయింది.

"మన సంచి ఎక్కిందిట్రా?" అన్నారు బాబాయి.

"ఎక్కలేదు బాబాయ్. వెనక్కి తీసుకుపోయారు."

ఆయన కాసేపు ముందు సీటు వెనక భాగాన్ని చూశారు. కండువా లేని భుజాల మీద ఏసీ గాలి సూటిగా పడుతోంది. ఆ అమ్మాయి దుప్పటి ఇస్తే, ఎవరు కప్పుకున్నదో అని తీసుకోలేదు. కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టారు. కింద సముద్రం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిందో ఆయన చూడలేదు. ఆయన బదులు నేను చూశాను. రెండు గంటలపాటు నీలం తప్ప ఇంకేమీ లేదు.

పోర్ట్‌బ్లెయిర్

ఇక్కడ విమానాశ్రయం మన రావులపాలెం బస్సు కాంప్లెక్సుకి కాస్త పెద్దన్న. సామాను బెల్టు ఒక్కటే. అది తిరిగి తిరిగి ఖాళీగా ఆగింది. రన్‌వే పొట్టిదనీ, బరువెక్కువైన రోజున కొన్ని సామాన్లు ఆపి మర్నాటి విమానంలో పంపడం మామూలేననీ అక్కడి ఉద్యోగి చెప్పాడు. మర్నాటి విమానం ఉదయం ఎనిమిదికి. ముహూర్తం కూడా మర్నాడే.

కమిటీ పెద్ద సత్తిబాబు గారు పూలదండతో వచ్చారు. కాట్రేనికోన వదిలి పాతికేళ్ళయినా మాట మారలేదు.

"మీరు వచ్చేరు, అదే చాలండి. రేపు సంచీ కూడా వచ్చేత్తాదండి. నా సిమెంటు యంత్రాలు మూడు నెల్లకి వచ్చాయండి ఓసారి!"

ఇది ధైర్యం చెప్పడమో భయపెట్టడమో నాకు అర్థం కాలేదు.

ఈ ఊరికి ఎవరైనా వెళ్తే ముందే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మనల్ని ‘మెయిన్‌లాండ్ నుంచి వచ్చారు’ అంటారు, వేరే దేశం నుంచి వచ్చినట్టు. కాలనీలో పెద్దవాళ్ళు తెలుగులో తిడతారు, పిల్లలు హిందీలో జవాబిస్తారు. కొబ్బరిబొండం మన దగ్గరికన్నా రెట్టింపు ధర, కానీ నీళ్ళు రెండు గ్లాసులు వస్తాయి. సత్తిబాబు గారి భార్య వరలక్ష్మి గారు పనసపొట్టు కూర చేశారు. అచ్చం మన కూరే, ఆవ కాస్త తక్కువ. బాబాయి మాత్రం గుడి వెనక తానే మూడు రాళ్ళు పెట్టుకుని అన్నం వండుకున్నారు. రాగి చెంబులు సంచిలో ఉండిపోయాయి కాబట్టి వరలక్ష్మి గారు బజారు నుంచి కొత్త గిన్నె తెప్పించారు.

కురిడీల సంగతి అడిగాను. కొబ్బరి ఎక్కడ చూసినా ఉంది, కురిడీ మాత్రం లేదు. అక్కడ వానలెక్కువ. కాయని నెలల తరబడి అటక మీద ఉంచితే బూజు పడుతుంది. అందుకని రెండు చిప్పలుగా కొట్టి, పొయ్యి సెగమీద ఆరబెడతారు. మండువా అంత పందిరి నిండా చిప్పలే, ఒక్కటీ పూర్తి గుండు కాదు.

"పచ్చికాయ వేద్దాం," అన్నారు బాబాయి. "పూర్ణంగా ఉన్న ఫలం కావాలన్నారు గానీ ఎండి ఉండాలని ఎవరన్నారు? మన దగ్గర కురిడీలున్నాయి కాబట్టి కురిడీలు వేస్తున్నాం."

ఇది ఇంత సులువుగా తేలిపోయింది కదా, యంత్రం కూడా తేలుతుందనుకున్నారు సత్తిబాబు గారు. బజార్లో రాగిరేకు దొరుకుతుంది, చెక్కేవాడు ఉన్నాడు, పొద్దుగూకే లోపల ఇంకొకటి చేయించేద్దామన్నారు.

"చెక్కించవచ్చండి. దాని మీద చెయ్యవలసిన జపం ఒక మండలం, నలభై రోజులు. అది ఎవరు చెక్కుతారు?" అన్నారు బాబాయి.

"పోనీ, ముహూర్తం వాయిదా ఏద్దామాండి? ఇంకో నెల్లో?"

బాబాయి తల అడ్డంగా ఊపారు. జలాధివాసం, ధాన్యాధివాసం అక్కడి పూజారి అప్పటికే చేయించి ఉన్నాడు. విగ్రహం వడ్లలో పడుకుని ఉంది. నాలుగు దీవుల నుంచి చుట్టాలు పడవల్లో వచ్చి ఉన్నారు. వాయిదా వేస్తే ఆ కబురు పడవలకన్నా ముందు కొత్తపేట చేరుతుంది.

నన్ను వేధించింది మరొకటి ఉంది. సాయంత్రం ఆరు కాకుండానే చీకటి పడింది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముందున్నాడు. పూజారి ముహూర్తం మన పంచాంగంలో గంటలు చూసి పెట్టాడు. లగ్నం సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది గానీ గడియారాన్ని బట్టి కాదు. కాగితం తీసి రేఖాంశాల తేడా గుణించాను. నేను చెప్పేలోపలే బాబాయి వేళ్ళ మీద లెక్క వేసి అన్నారు:

"ఇక్కడ నలభై నిమిషాలు ముందే వస్తుందిరా లగ్నం. తొమ్మిదీ యాభై కాదు, తొమ్మిదీ పదికే."

నా కాగితం మీదా అదే ఉంది. ఎప్పుడూ లెక్క సరిపోతే సంతోషించేవాణ్ణి. ఆ రోజు తప్పైతే బాగుండుననిపించింది.

మర్నాడు

పొద్దున్న జీపులో సత్తిబాబు గారూ నేనూ వెళ్ళాం. విమానం అరగంట ఆలస్యం. ఆ అరగంటా బెల్టు చుట్టూ ప్రదక్షిణలు చేశాను. ఖాళీ బెల్టు. కాపలా జవాను రెండుసార్లు నా పాసు అడిగాడు.

బెల్టు కదిలింది. పెట్టెలు, టీవీ డబ్బాలు, చిల్లుల అట్టపెట్టెల్లో కోడిపిల్లలు. తర్వాత నీలం సంచి. ప్లాస్టిక్ పట్టీ లేదు. పురికొస లేదు. ఒక భుజం పట్టీ మొదట్లోంచి ఊడిపోయి, అక్కడ సంచి జానెడు చిరిగి, బాబాయి కండువా కొస బయటికి వేలాడుతోంది.

"వచ్చేసిందండీ!" అని అరిచారు సత్తిబాబు గారు. ఆయన సంచిని చూశారు. నేను చిరుగుని చూశాను.

జీపులో విప్పలేదు. విప్పే ధైర్యం లేదు. గుడి దగ్గర మేళం మోగుతోంది. బాబాయి మొదటి పీట మీద, అరువు పట్టుపంచెతో, అరువు కండువాతో కూర్చుని ఉన్నారు. మా వైపు చూడకుండానే చెయ్యి చాచారు. పసుపు బట్ట ఆయన చేతిలో పెట్టాను.

విప్పారు. నాలుగో మూల వంగి ఉంది. గోరంత మేర, కిందికి, కొక్కెంలా.

మేళం ఎవరో ఆపమన్నారు. పూజారి వంగి చూసి, "భిన్నమైందా అండీ?" అన్నాడు మెల్లగా. ఆ మాట వెనక వరసల దాకా పాకింది. రేఖ తెగిన యంత్రం స్థాపనకి పనికిరాదు. అంతవరకు నాకూ తెలుసు.

బాబాయి బొటనవేలితో ఒక్కొక్క రేఖనీ తడుముతూ వెళ్ళారు. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి, మళ్ళీ లోపల నుంచి అంచుకి. పెదవులు కదులుతున్నాయి. వంగిన మూల దగ్గర రెండుసార్లు ఆగారు.

"రేఖ తెగలేదు," అన్నారు. "వంగింది అంచు. అక్షరాలకి ఇవతలే."

"అయితే సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే సాపైపోద్దండి," అన్నారు సత్తిబాబు గారు. ఒడిశా నుంచి వచ్చిన శిల్పి అప్పటికే సుత్తి అందుకున్నాడు.

"వద్దు! జపం చేసిన రేకుకి ఇనుము తగలకూడదు."

"మరి గుంటలో సరిగ్గా కూర్చోదు బాబాయ్," అన్నాను. విగ్రహం కింద పీఠంలో యంత్రం కోసం చదరంగా తొలిచిన గుంట అది. అడుగు నున్నగా ఉంది. మూల ఆనితే రేకు ఒకవైపు లేస్తుంది. దాని మీద అంత రాయి నిలబెడితే విగ్రహం కదులుతుంది, లేదా రేకు చిట్లుతుంది. ఏది జరిగినా ఇక దిద్దడానికి లేదు.

బాబాయి గుంటలోకి చూశారు. రెండో పీట మీద ఎవరూ లేరు, అందించేవాడు లేడు.

"యంత్రాన్ని గుంటకి సరిచెయ్యం. గుంటనే యంత్రానికి సరిచేద్దాం. శేషూ, ఆ శిల్పితో చెప్పు. ఈ మూల కింద రాయి తొలవమను, చింతగింజంత."

నాకొచ్చిన హిందీలో చెప్పాను. శిల్పి ఒకసారి మూల చూసి, ఒకసారి గుంట చూసి, ఉలి పెట్టాడు. నాలుగైదు దెబ్బలు. ఊది చూశాడు. ఇంకో రెండు. బాబాయి మంత్రం చెబుతూ రేకుని దించారు. వంగిన మూల చింతగింజ గుంటలోకి దిగింది. నేను అరచెయ్యి నేలకి ఆనించి పక్క నుంచి చూశాను. ఎక్కడా వెలుతురు కనిపించలేదు. సాపుగా ఉంది.

"కూచుందండీ!" అన్నాను. అంత గట్టిగా అరుస్తానని అనుకోలేదు.

లగ్నం దాటకుండానే విగ్రహం నిలబడింది. చుట్టూ అష్టబంధనం, లక్కా మైనం కలిపి దంచిన ముద్ద, దట్టించారు. హోమం చివర పచ్చికాయ పట్టుగుడ్డలో చుట్టి వేస్తే అది కురిడీలా భగ్గుమనలేదు. చాలాసేపు సన్నగా ఈలవేసి, లోపలి నీళ్ళు మరిగి, ఢామ్మని పగిలింది. వెనక వరసలో ముసలివాళ్ళు ఉలిక్కిపడి దండం పెట్టారు. పిల్లలు హిందీలో ఇంకొకటి వెయ్యమన్నారు. సత్తిబాబు గారు కళ్ళు తుడుచుకుంటూ పొగ అన్నారు.

మళ్ళీ కొత్తపేట

తిరుగు ప్రయాణంలో చిరిగిన సంచిని సిమెంటు గోతంలో పెట్టి కుట్టించాను. లోపల బట్టలూ చెంబులూ తప్ప ఏమీ లేవు. అయినా చెన్నైలో బెల్టు దగ్గర నిలబడే ఉన్నాను, అది వచ్చేదాకా కాలు నిలవలేదు.

బాబాయి కోటిపల్లి రేవులో స్నానం చేసి, ఇంటికి వెళ్ళకుండా కొత్తపేట వెళ్ళారు. ఘనాపాఠి గారికి జరిగినదంతా చెప్పారు. కురిడీలు తీసేసిన సంగతి, సంచి ఒక రోజు ఆగిన సంగతి, వంగిన మూల సంగతి. మూల మాట ఎత్తకుండా ఉంటే బాగుండునని నేను పక్క నుంచి సైగ చేశాను. పట్టించుకోలేదు.

ఘనాపాఠి గారి చేతిలో విసనకర్ర ఆగింది.

"పీఠాన్ని తొలిపించేవుట్రా?"

"ఆయ్."

"నాకు తోచేది కాదు." విసనకర్ర పక్కన పెట్టి మళ్ళీ అన్నారు: "శాస్త్రానికి లోటు లేదు. నేను చెప్తాను అందరికీ. కానీ మనవాళ్ళు శాస్త్రం విని పిలవరురా, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పిలుస్తారు."

"తెలుసండి," అన్నారు బాబాయి.

ఇది జరిగి మూడేళ్ళయింది. పోర్ట్‌బ్లెయిర్ కాలనీవాళ్ళు తమ చుట్టాలకి చెప్పారు. వాళ్ళు ఖరగ్‌పూర్‌లోనూ, రాయపూర్‌లోనూ, పారదీప్ రేవులోనూ ఉన్నారు. అక్కడి గుళ్ళకి బాబాయి వెళ్ళి మొదటి పీట మీద కూర్చుని వచ్చారు. మొత్తం ఆరు ప్రతిష్ఠలు. మా ఊరి నుంచీ, చుట్టుపక్కల అగ్రహారాల నుంచీ వచ్చిన పిలుపులు: సున్నా.